ఏడాదికే పూసిన ఆపిల్ మొక్క

డిటెక్టివ్ ఆఫీసు తాళం తీసేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో కుండీ, అందులో మూరెడు ఆపిల్ మొక్క.

"నన్ను మోసగత్తెని చేశారు సార్. మధ్యాహ్నంలోగా కాదని తేల్చాలి. లేకపోతే నా ఉద్యోగం, ఇన్నేళ్ళ పని, రెండూ పోతాయి. ఏడవడానికి కూడా తీరిక లేదు," అంది.

డిటెక్టివ్ ఆమెని లోపలికి పిలిచి కుర్చీ చూపించాడు. గురువుగారు తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే అసిస్టెంటు అప్పటికే చెవులు రిక్కించాడు.

ఆమె పళ్ళతోటల పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. విత్తనం నుంచి మొలిచిన ఆపిల్ మొక్క పూత పూయాలంటే ఏళ్ళు పడుతుంది. 'ఇప్పుడే కాదు, ఆగు' అని మొక్కని పట్టి ఉంచే జన్యువు ఒకటి ఉంది. ఆమె పెంచిన ఒక మొక్కలో ఆ జన్యువు నోరు మూసుకుంది. ఏడాది తిరగకుండానే పూలు విచ్చుకున్నాయి. కేంద్రమంతా వచ్చి చూసింది. ఇవాళ బయటి నిపుణులు వస్తున్నారు. ఆమె వారం పాటు అక్క ఇంటికి వెళ్ళి వచ్చేసరికి కుండీలో తన మొక్క బదులు ఈ మొక్క ఉంది.

"ఈ బుడిపె చూడండి. అంటు కట్టిన గుర్తు. ముదురు చెట్టు కొమ్మని లేతమొక్కకి అంటు కడితే తొందరగా పూస్తుంది. నేను చేసింది అదేనట. జన్యువూ లేదు, గిన్యువూ లేదంటున్నారు."

"ఎవరు?"

"మా తోటలో అంట్లు కట్టే మేస్త్రి ముందు చూసి అరిచాడు. మా డైరెక్టరుగారు, నాకు పని నేర్పిన మనిషి, 'తప్పు ఒప్పుకో అమ్మాయీ, నేను సర్దిచెబుతా' అన్నారు."

కేంద్రం తోటలో చెట్లన్నీ ఆకు రాల్చి బోసిగా నిలబడి ఉన్నాయి. గ్రీన్‌హౌస్ గుమ్మంలోనే మేస్త్రి ఎదురయ్యాడు.

"ఈ అంటు ఎవరిది?" అన్నాడు డిటెక్టివ్.

"నాదే. షెడ్డు వెనక ఇలాంటివి బోలెడున్నాయి. ఎవరైనా ఒకటి ఎత్తుకుపోతే నాకెలా తెలుస్తుంది?"

"ఈ గ్రీన్‌హౌస్ తాళాలు?"

"నా దగ్గర, అమ్మగారి దగ్గర, డైరెక్టరుగారి దగ్గర. నన్నే ఎందుకండీ గుచ్చి గుచ్చి అడుగుతారు?"

"వీడే సార్, కోపం చూడండి," అని గొణిగాడు అసిస్టెంటు.

"కోపమే రుజువైతే మా ఆవిడ ఈపాటికి జైల్లో ఉండేదయ్యా."

డైరెక్టరు తన గదిలో వాళ్ళకి టీ ఇప్పించాడు. ఆయన చొక్కా జేబులో పెన్ను పక్కన సన్నటి కుంచె ఉంది. దాని కొనకీ, జేబు అంచుకీ పసుపు పొడి అంటింది. పెద్దాయన బొమ్మలు కూడా వేస్తారేమో అనుకున్నాడు అసిస్టెంటు.

"ఇప్పుడు ఏ ఆపిల్ చెట్టయినా పూతలో ఉందా సార్?" అడిగాడు డిటెక్టివ్.

"ఒక్కటీ లేదు. వసంతం దాకా ఆగాల్సిందే. ముప్పై ఏళ్ళుగా ఆగడమే నా పని," అని నవ్వాడు డైరెక్టరు.

బయటికి రాగానే డిటెక్టివ్ అసిస్టెంటుతో, "డైరెక్టరుగారి సొంత మొక్కలన్నీ వెతుకు. పూల కోసం కాదు, కాగితం సంచి కోసం," అన్నాడు.

నిపుణులు వచ్చే వేళకి ముందే డిటెక్టివ్ అందరినీ డైరెక్టరు పెంచుకునే మొక్కల వరసల దగ్గరికి పిలిపించాడు. మూల కుండీలో, ఆకుల చాటున, చిన్న కాగితం సంచి కట్టి ఉంది.

"డైరెక్టరుగారి జేబులో ఉన్న కుంచె పుప్పొడి అద్దడానికి వాడేది. తోటలో ఒక్క పువ్వూ లేని కాలంలో దానితో పనేమిటి? ఎక్కడో ఒక పువ్వు ఉండాలి. పుప్పొడి అద్దిన పువ్వుకి వేరే పుప్పొడి సోకకుండా సంచి కడతారు. అందుకే సంచి వెతికించాను. ఈ కాండం చూడండి, అంటు లేదు. ఈవిడ అసలు మొక్క ఇదే. పూలు గిల్లేస్తే మామూలు మొక్కలా కనిపిస్తుందనుకున్నారు. ఆగమనే జన్యువే పలకని మొక్క ఎందుకు ఆగుతుంది? మళ్ళీ మొగ్గ తొడిగింది. మేస్త్రికి పుప్పొడితో పనిలేదు. ఈవిడ ఊళ్ళోనే లేదు. మిగిలిన తాళం మీది, డైరెక్టరుగారూ."

మేస్త్రి తల దించుకుని, "క్షమించండమ్మా, తొందరపడ్డాను," అన్నాడు.

డైరెక్టరు స్టూలు మీద కూలబడ్డాడు.

"విత్తనం నాటడం, పూత కోసం ఏళ్ళ తరబడి కాచుకోవడం. నా జీవితమంతా ఇంతే. నీ మొక్క ఏడాదికే పూస్తే తట్టుకోలేకపోయాను అమ్మాయీ. చంపేద్దామనే తెచ్చాను, చేతులు రాలేదు. పూలన్నీ గిల్లాను. మళ్ళీ పూసిన ఈ ఒక్కదాన్ని మాత్రం గిల్లలేకపోయాను. ఫ్రిజ్‌లో దాచుకున్న పుప్పొడి అద్దాను."

బయట కారు ఆగిన చప్పుడైంది. ఆయన సంచి విప్పబోయాడు.

"దాన్ని ముట్టుకోకండి," అందామె. "ఏ చెట్టు పుప్పొడి?"

"నేను నాటిన మొట్టమొదటి చెట్టుది."

ఆమెకి ఒళ్ళు మండుతూనే ఉంది. కళ్ళలో నీళ్ళూ ఉన్నాయి. కుండీని రెండు చేతులా ఎత్తుకుంది.

"జరిగిందంతా వాళ్ళకి మీ నోటితోనే చెప్పాలి సార్. ఒక్క ముక్క కూడా తగ్గనివ్వను. ఇది కాయ కాస్తే ఆ గింజలు మీరే నాటుదురు గాని. ఒక్కదానికి ఈ గుణం వచ్చినా, ఈసారి మీరు ఏళ్ళ తరబడి ఆగక్కర్లేదు."

డైరెక్టరు కుంచె తీసి బల్ల మీద పెట్టి, ఆమె వెనకే నడిచాడు.