మొలతాడుకి కట్టిన తాళంచెవి

తెల్లవారినా నిజాంపట్నం మీద ఆకాశం తెల్లబడలేదు. సముద్రం వైపు నుంచి మబ్బు కిందికి దిగి కదలకుండా నిలబడింది. బ్రహ్మాజీ వెళ్లిన బోటు రాత్రికే రావలసింది, రాలేదు.

అతని తల్లి గంగరత్నం అయిదింటికే షుగరు మాత్ర వేసుకుని, చేపల తట్ట పక్కన పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. బోటు వచ్చి మొదటి చేప అమ్మేదాకా ఆమె మెతుకు ముట్టదు. ముప్పై ఏళ్ల అలవాటు.

ఎనిమిదింటికి కోడలు పద్మజ అడిగింది. "అత్తా, రెండిడ్లీలు తినకూడదా?"

"బోణీ కాలేదే."

"మందు మటుకు వేసుకున్నావుగా."

"మందుకి బోణీతో పనేంటే? దాన్నేమన్నా అమ్ముతానా?" అని నవ్వింది గంగరత్నం.

ఆ తర్వాత నవ్వలేదు. తొమ్మిదికి ఆమె మెడ నిండా చెమట. గాలి చల్లగానే ఉంది. తట్ట కింద నెత్తిన పెట్టుకునే గుడ్డ చుట్టను ఒళ్లో పట్టుకున్న వేళ్లు వణుకుతున్నాయి.

"కొడుకు మీద బెంగ," అన్నాడు వల బాగు చేస్తున్న ఆమె భర్త సింగరయ్య. "బోటు కనపడితే అదే తగ్గుద్ది."

పద్మజ మంచినీళ్లు తెచ్చింది. గంగరత్నం గ్లాసు నెట్టేసింది. "అవతలికి పో. పొద్దున్నే నీ మొహమే దొరికిందా నాకు?"

కాపురానికొచ్చిన నాలుగేళ్లలో అత్త నోట అలాంటి మాట రాలేదు. అందుకే పద్మజ నొచ్చుకోలేదు, భయపడింది. అత్త మాట ముద్దగా వస్తోంది. చూపు ఎక్కడో ఉంది.

"మావయ్యా, తాళం ఇవ్వు. పంచదార కావాలి."

సింగరయ్య చెయ్యి నడుం మీదికి వెళ్లింది. పోయిన నెల భార్యకు షుగరు మూడొందలు దాటినప్పటి నుంచి పంచదార డబ్బా ట్రంకుపెట్టెలో ఉంది, తాళంచెవి ఆయన మొలతాడుకి ఉంది.

"షుగరు మనిషికి పంచదారేంటమ్మా? చంపుతావా దాన్ని? ఎక్కువైనట్టుంది, ఇంకో మాత్ర ఇయ్యి."

"ఇస్తే అప్పుడు చంపినట్టు." పద్మజ గొంతు పెంచలేదు. "పోయిన నెల ఎక్కువైనప్పుడు ఎలా ఉంది? బిందెడు నీళ్లు తాగేది. గంటకోసారి దొడ్లోకెళ్లేది. కళ్లు మసకలంది. ఇప్పుడు చూడు, ఈ చెమటేంటి, ఈ వణుకేంటి. మందేసుకుని నాలుగ్గంటలు ఏమీ తినలేదు. షుగరు పడిపోయింది మావయ్యా. ఇంకాసేపైతే మింగను కూడా మింగలేదు."

సింగరయ్య వచ్చి భార్య ముందు కూర్చున్నాడు. "రత్నం."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. "వచ్చావా బ్రహ్మాజీ," అంది.

ముడి విప్పబోయాడు. ముడి రాలేదు. వల కోసే కత్తి తీసి మొలతాడే కోసేశాడు.

పద్మజ మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించింది. పావుగంట ముగ్గురూ కదల్లేదు. ముందు వణుకు ఆగింది, తర్వాత చెమట ఆరింది.

"ఏంటే, ఇద్దరూ నా మీద పడ్డారు?" అంది గంగరత్నం.

సింగరయ్య మొహం తిప్పుకున్నాడు. "తాళమేసి కాపలా కాస్తున్నాననుకున్నానమ్మా," అన్నాడు కోడలితో.

"రేపు రేపల్లె వెళ్లి డాక్టర్నే అడుగుదాం మావయ్యా, ఏ మందు ఎప్పుడో, తిండి ఎప్పుడో."

అంతలో ఫోను మోగింది. బ్రహ్మాజీ. ఇంజను ఆగిపోయిందట, వేరే బోటు లాక్కొస్తోందట, మధ్యాహ్నానికి చేరతారట.

మధ్యాహ్నానికి. గంగరత్నం ఖాళీ తట్ట వైపు చూసింది. తర్వాత కోడలి వైపు చూసింది. చాలాసేపు చూసింది.

పద్మజ మూడు కంచాలు పెట్టింది. సింగరయ్య ఒక చేత్తో లుంగీ పట్టుకుని కూర్చున్నాడు. గంగరత్నం ఇడ్లీ తుంచి, మొదటి ముక్క కోడలి కంచంలో పెట్టి, రెండోది తను తింది.