రుచిపొడి కలిపిన తవుడు

మూడో గేదె కూడా పడిపోయిందని ఫోన్ వచ్చేసరికి హేమంత్‌కుమార్ ఏలూరు దాటి కొల్లేటి దారి పట్టాడు.

కారు ఆపలేదు. వేగం పెంచాడు.

ఫోన్ చేసింది పరమేశ్వరి. తాడేపల్లిగూడెంలో ఆమెకో చిన్న యూనిట్ ఉంది. మెంతులు, సోపు, వాము, వెల్లుల్లి ఎండబెట్టి, పట్టించి, పశువుల దాణాలో కలిపే రుచిపొడి తయారుచేస్తుంది. మేత ముట్టని గేదె కూడా ఆ వాసన తగిలితే తొట్టి నాకేస్తుంది. భర్త పోయాక ఆమె చేతుల్లో మిగిలింది ఆ యూనిట్ ఒక్కటే.

"సాయంత్రానికల్లా నా యూనిట్‌కి సీలు వేస్తారటండీ. ఒకసారి విషం అని పేరు పడితే నా పొడి మళ్లీ ఎవరు ముట్టుకుంటారు?"

"కేసు తీసుకున్నానుగా, వస్తున్నాను. ఒక్క మాటండి. తప్పు మీ పొడిదే అయితే అదే చెబుతాను."

"చెప్పండి. నాకూ తెలియాలిగా."

ఆ జవాబు అతనికి నచ్చింది. హేమంత్‌కుమార్ డిటెక్టివ్ కాకముందు తవుడు, నూనెగింజల చెక్క కమిషన్ వ్యాపారం చేశాడు. మనిషినీ సరుకునీ ఒకే చూపుతో చూస్తాడు. నచ్చినంత మాత్రాన నమ్మెయ్యడు.

తుంగలంకలో చేపల రైతు అబ్బాయిరాజు చెరువుల పక్కనే అతని గేదెల పాక. మూడు కళేబరాలు వరసగా పడి ఉన్నాయి. నోళ్ల దగ్గర నురగ. పాకంతా సోపు వాసన.

పరమేశ్వరి ఒక మూల నిలబడి ఉంది. ఎవరూ ఆమెకి కుర్చీ వెయ్యలేదు.

ఎస్.ఐ. లక్ష్మీప్రసన్న ఎదురొచ్చింది. "డాక్టరుగారు మొదటి గేదెకి పోస్ట్‌మార్టమ్ చేశారు. పురుగుమందు లక్షణాలేనన్నారు. వాము, మెంతి పంటల మీద మందు కొడతారు కదా. అది పొడిలోకి వచ్చుంటుందని అనుమానం."

కొట్టిపారేసే అనుమానం కాదు. హేమంత్‌కుమార్ పరమేశ్వరి వైపు తిరిగాడు.

"సరుకు టెస్ట్ చేయిస్తారా?"

"ప్రతి లోడూ చేయిస్తానండి. రిపోర్టులు ఎస్.ఐ. గారికిచ్చాను."

"ఇదే పొడి ఇంకెవరైనా వాడుతున్నారా?"

"గూడెం చుట్టూ డెయిరీలన్నీ వాడతాయండి. ఒక్క దూడకి కూడా ఏమీ కాలేదు."

"ఇక్కడికి ఎవరి ద్వారా వచ్చింది?"

"నా ద్వారానేనండి." తెల్లచొక్కా మనిషి ముందుకొచ్చాడు. ఏలూరు దాణా వ్యాపారి సత్తిబాబు. "తవుడు నాది, పొడి ఆవిడది. నా తవుడు ఇరవై ఏళ్లుగా తింటున్నాయి గేదెలు. కొత్తగా వచ్చింది పొడేగా? మీరే లెక్క చూసుకోండి."

"మరి బస్తా ఎలాంటిది?" అన్నాడు హేమంత్‌కుమార్.

"కొత్తదేనండి. మిల్లు బస్తా."

అబ్బాయిరాజు పడక్కుర్చీలోంచి లేచాడు. "లెక్కలు తరవాత చూద్దురుగాని. చచ్చినవి నా గేదెలు. ఆవిడ కొట్టుకి తాళం పడితే తప్ప నేను నిద్రపోను."

"తాళం వేస్తే మిగతా గేదెలు బతుకుతాయాండీ, రాజుగారూ?"

"ఏవిటీ?"

"విషం ఎక్కడుందో తెలియకుండా తాళం వేస్తే, అది బయటే తిరుగుతుంటుంది కదాండీ."

అబ్బాయిరాజు మళ్లీ కూర్చున్నాడు.

హేమంత్‌కుమార్ ఎస్.ఐ.ని అడిగాడు. "ల్యాబుకి శాంపిల్ ఎక్కడనుంచి తీశారు?"

"అదిగో, ఆ కొత్త బస్తా మూతి విప్పి తీశారు."

అతను కారులోంచి ఇనుప గొట్టం తెచ్చాడు. బస్తాలోకి గుచ్చి లోపలి సరుకు బయటికి లాగే గొట్టం. మూతి దగ్గర తవుడు శుభ్రంగా ఉంటుందని ఏ వ్యాపారికైనా తెలుసు. నడుములో గుచ్చాడు. గొట్టంలోంచి ఆకుపచ్చ బూజు పట్టిన ఉండలు రాలాయి.

సత్తిబాబు ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

బూజు పట్టిన తవుడు మంచిది కాదు. కానీ అది గేదెని ఒక్కపూటలో నురగ కక్కించి చంపదు. ఇంకేదో ఉంది. హేమంత్‌కుమార్‌కి కాలు నిలవలేదు. పాక చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పొద్దు వాలుతోంది.

మేత పెట్టే మణెమ్మ తొట్టి దగ్గర చతికిలబడి ఏడుస్తోంది.

"మణెమ్మా, చచ్చిన గేదెలు తిన్నది ఈ బస్తాదేనా?"

"కాదు బాబూ. దీనికి ముందుది. వారం మొదట్నించీ అదే పెట్టేను. రాత్రితో అయిపోయింది."

"అంటే ఇన్నాళ్లూ అందులోదే తిన్నాయి. ఏమీ కాలేదు."

"శుభ్రంగా పాలిచ్చేయండి."

"రాత్రి ఎలా పెట్టావు?"

"బస్తా తిరగేసి, దులిపి మరీ పెట్టేను. దులపకపోతే రాజుగారు ఊరుకుంటారా? చెరువులో చేపకి కూడా మేత లెక్కపెట్టి వేసే మనిషి."

"ఏవే!" అన్నాడు అబ్బాయిరాజు.

హేమంత్‌కుమార్ నిలబడిపోయాడు.

"ఆ ఖాళీ బస్తా ఏదీ?"

"చెరువోళ్లు పట్టుకుపోయేరండి. ఖాళీ బస్తాలన్నీ ఆళ్లకేగా."

అతను గట్టు మీదికి పరిగెత్తాడు. ఎస్.ఐ. కూడా వెనకాలే వచ్చింది. కొల్లేటి చెరువుల్లో చేపలకి మేత చల్లరు. బస్తాకి బెజ్జాలు పొడిచి, తవుడు నింపి, నీళ్లలో పాతిన వెదురు గెడలకి కడతారు. చేపలు వచ్చి బెజ్జాల్లోంచి పొడుచుకు తింటాయి. గట్టు మీద ఒకడు నిప్పుల్లో ఇనుప చువ్వ కాలుస్తున్నాడు. పక్కన ఖాళీ బస్తాల దొంతర. ఒక్క బస్తా మాత్రం విడిగా పడేసి ఉంది.

"అదెందుకు పక్కన పెట్టావు?"

"దానికి పొడిచే పనిలేదండి. బెజ్జాలు ముందే ఉన్నాయి. ఎవరో కుట్టేసేరు."

హేమంత్‌కుమార్ దాన్ని రుమాలుతో పట్టుకుని పాకకి తిరిగొచ్చాడు.

"అందరూ ఇలా రండి. సత్తిబాబుగారూ, మీరు కూడా. ఇది మీరు కొత్తదని చెప్పి అమ్మిన బస్తా. కొత్త బస్తాకి కుట్లెందుకండీ?"

సత్తిబాబు ఫోన్ జేబులో పెట్టేశాడు.

"నేను చెబుతాను. ఈ బెజ్జాల అంచులు కరిగి గట్టిపడి ఉన్నాయి. కాల్చిన చువ్వతో పొడిచినవి. అంటే ఇది ఒకసారి చెరువులో వేలాడి వచ్చిన బస్తా. రాజుగారూ, మీ చెరువులో పాతబడ్డ బస్తాలు ఎవరికి అమ్ముతారు?"

అబ్బాయిరాజు మెల్లగా సత్తిబాబు వైపు చూశాడు. "ఈయనకే."

"చేపలకి పేను పడితే ఏం చేస్తారు?"

"మందు తవుడులో ముద్ద కట్టి, బస్తాల్లో..." రాజు ఆగిపోయాడు.

హేమంత్‌కుమార్ బస్తా తిరగేశాడు. అడుగు మూలల్లో, కుట్టు మడతల్లో తెల్లటి పెచ్చు ఎండి అంటుకుని ఉంది. దాని మీద కాసిని నీళ్లు చల్లాడు. సోపు వాసన విరిగింది. కింద దాక్కున్న ఘాటు పైకి లేచింది.

"మా పేను మందే!" అన్నాడు అబ్బాయిరాజు.

"మందు పొడిలో ఉంటే బస్తా అంతా కలిసి ఉండాలి. వారం మొదట్లోనే గేదెలు పడాలి. మందు ఉన్నది అడుగున. అందుకే అడుగు దులిపాకే పడిపోయాయి. సత్తిబాబుగారి తవుడు వానకి తడిసి బూజు పట్టింది. పారెయ్యలేక, తడిసిన బస్తాలకి బదులు పాతవి కుట్టించి నింపారు. బూజు వాసన తెలియకుండా రుచిపొడి రెండింతలు కలిపారు. ఆ పొడే పేను మందు వాసన్ని కూడా కప్పేసింది."

పరమేశ్వరి మూలలోంచి ముందుకొచ్చింది. "అందుకా సత్తిబాబుగారూ, ఈమధ్య పొడి రెట్టింపు తీసుకెళ్లారు? గిరాకీ పెరిగిందని నేను సంబరపడ్డానండీ."

"అందరూ చేసేదేనండి." సత్తిబాబు చొక్కా తడిసిపోయింది. "కడిగించమనే చెప్పేను. కుర్రాళ్లు కడగలేదు."

"అలాంటి బస్తాలు ఇంకెక్కడికి వెళ్లాయి?"

"గుర్తులేదండి."

"మేత వేళవుతోంది. ఈ పూట ఎవరు బస్తా దులుపుతారో ఏమో. ఇప్పటిదాకా చచ్చింది గేదెలే. ఆ పాలు ఏ పసిపిల్ల తాగినా, తరవాత మీ లాయరు కూడా ఏమీ చెయ్యలేడు. గుర్తు తెచ్చుకోండి."

సత్తిబాబుకి గుర్తొచ్చింది. ఒక్కో ఊరి పేరూ చెబుతుంటే ఎస్.ఐ. ఫోన్లు చేసింది. వట్లూరులో ఒక రైతు ఫోన్ ఎత్తలేదు. కానిస్టేబుల్ బైకు మీద ఉరికాడు. చివరికి ఫోన్ మోగింది. తొట్టిలో పోశారట. గేదెని ఇంకా విప్పలేదట.

సత్తిబాబు పోలీసు జీపెక్కాడు. అబ్బాయిరాజు స్వయంగా కుర్చీ తెచ్చి పరమేశ్వరి ముందు వేశాడు. ఆమె కూర్చోలేదు.

"రిపోర్టులో ఏం రాస్తారండీ?" అని హేమంత్‌కుమార్‌ని అడిగింది.

"మీ పొడిలో విషం లేదని రాస్తాను. తినకూడనిదాన్ని సైతం తినిపించగలదని కూడా రాస్తాను."

"ఆ రెండో మాట రాస్తే డీలర్లు నాకు దూరమవుతారు."

"అవుతారండి."

ఆమె కళేబరాల వైపు చూసింది. "రాయండి."

హేమంత్‌కుమార్‌తో అతని కారు దగ్గరికి నడుస్తుంటే ఆమె ఫోన్ మోగింది. కైకలూరు డీలరు. అర్జెంటుగా పొడి కావాలట, ఎప్పుడూ తీసుకునేదానికంటే ఎక్కువ.

"పంపుతానండి. ముందు మీ తవుడు నాలుగు దోసిళ్లు పంపించండి. బస్తా అడుగునుంచి తీసి. అది చూశాక పొడి పంపుతాను."

అవతలివాడు ఏదో గట్టిగా అరిచాడు. ఫోన్ పెట్టేశాడు.

పరమేశ్వరి ఫోన్ బ్యాగులో వేసుకుని కారెక్కింది.