గంగాళం మీద సగం మాట

సుంకులమ్మ చింతపండు పిప్పితో రాగి గంగాళం తోముతోంది. అటక మీద తరాలుగా పడి ఉన్నదది. రుద్దగా రుద్దగా కిలుము కింద నుంచి అక్షరాలు తేలాయి.

"నాయనా, ఇట్లా రా!"

తండ్రి శేషప్ప ఒంగి చదివాడు. 'సొత్తు వంశం మొదట ఉన్నది. తీయవలసినది వారసు...' మిగతాది ఇంకా కిలుము కిందే ఉంది.

"వారసుడు! ఇంకెవురు?" శేషప్ప పక్కనే ఉన్న కొడుకు మద్దిలేటి వీపు చరిచాడు. "వంశమంటే వెదురు గూడా లేరా! నల్లమలలో మన తాతలు వెదురు కొట్టిన పొద ఉండాది గదా!"

"మొత్తం తోమనీ నాయనా."

"బోకులు తోమే పని తర్వాత. మోకు మొయ్యను మనిషి గావాల, లెయ్!"

భర్త పోయి, చంటిపిల్లతో పుట్టింటికి చేరిన సుంకులమ్మకు అన్న ఒక్కడే అండ. "దొరికేదాంట్లో సగం నా మేనకోడలిదేమే" అని నవ్వాడు మద్దిలేటి. పిల్లను పొరుగింట్లో వదిలి ఆమె బయలుదేరింది.

ముళ్లపొదలు నరుక్కుంటూ, బండలెక్కుతూ ముగ్గురూ ఆ చోటికి చేరారు. వెదురు పూసి, గింజ రాల్చి, పొద పొదంతా ఎండిపోయి ఉంది. మొదలు తవ్వగానే నేల దిగబడి, గుహ నోరు తెరిచింది. శేషప్ప ఎండువెదురు గడనే నరికి లోపలికి దించాడు.

"పూసిన వెదురు బరువాపదు నాయనా. నేను తేలిక, మోకు కట్టుకొని నేను దిగుతా."

"వారసుడే తియ్యాలని రాసుంటే నువ్వేందే? గమ్మునుండు!"

మద్దిలేటి గడ పట్టుకొని జారాడు. కాసేపటికి లోపల నుంచి కేక వినిపించింది.

"పెట్టె ఉండాది! మోకెయ్యండి!"

"ముందు పెట్టె కట్టరా!" అని అరిచాడు శేషప్ప.

పెట్టె పైకొచ్చింది. బంగారం తళుక్కుమంది. సుంకులమ్మ పెట్టెకున్న మోకు ముడి విప్పుతోంది. గుంత అంచు పెళ్లలు పెళ్లలుగా రాలుతోంది.

"మోకొస్తాంది అన్నా, గడ ఎక్కొద్దు!"

ఎక్కుతున్న మద్దిలేటి బరువుకు గడ ఫెళ్లుమంది. ఆ వెంటనే బండలు జారి గుంతను పూడ్చేశాయి.

"అన్నా! అన్నా!" గోళ్లు ఊడేలా తవ్వింది. కాళ్ల కింద నేల మళ్లీ కదిలింది. ఒక చేత్తో పెట్టెను, ఒక చేత్తో కూతురిని ఈడ్చుకుంటూ శేషప్ప బయటపడ్డాడు.

మర్నాడు అతను పెట్టె మీద తల బాదుకుంటున్నాడు. "నిర్వంశమైపోయినానే! నాకింక ఎవురూ లేరే!"

ఎదురుగా, ఒళ్లో బిడ్డతో కూర్చుని సుంకులమ్మ ఆ మాట విన్నది. బిడ్డను చాప మీద దించి గంగాళం దగ్గరకు లాక్కుంది. చితికిన వేళ్లతో మిగిలిన కిలుము తోమింది. చింతపండు పులుపు తగిలి వేళ్లు భగ్గుమన్నా ఆగలేదు.

'వారసు' పక్కన 'రాలు' అన్న రెండక్షరాలు తేలాయి.

గంగాళాన్ని తండ్రి ముందు బోర్లించింది. అతని పెదవులు ఆ మాటను కూడబలుక్కుంటుండగా, బిడ్డను చంకనేసుకుని గడప దాటింది.