పోయని ఒడిబియ్యం

ప్రేమలత ఉప్మాకు ఎసరు పెడుతుండగా హాల్లో టీవీ ఆమె పేరు చదివింది. మంత్రి హరిప్రసాద్ భార్య పేరిట విమానాశ్రయం వెనక నాలుగెకరాలు ఉన్నాయట. మంత్రిగారి శాఖ వేయిస్తున్న కొత్త రోడ్డు సరిగ్గా ఆ నాలుగెకరాల ముందుకే వంకర తిరిగిందట. మూడు రోజులుగా ఇదే పాట. మొదటి రోజు ఆమెకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇవాళ మాత్రం రవ్వ ఉండకట్టకుండా కలిపి, మంట తగ్గించి, మూత పెట్టింది. ఎవరో వేరే ప్రేమలత సంగతి వింటున్నట్టుంది తప్ప ఏమీ అనిపించడం లేదు.

శంషాబాద్‌లోని ఆ ఇంటి గేటు ముందు తెల్లవారేసరికే టీవీ బండ్లు చేరాయి. నిన్నటిదాకా కుర్చీల కోసం కొట్టుకున్న కార్యకర్తలు ఇవాళ నలుగురు కూడా లేరు. మనుషులు ఎంత త్వరగా పనులు గుర్తు తెచ్చుకుంటారో, పదవి ఊగుతున్నప్పుడే తెలుస్తుంది.

హరిప్రసాద్ వంటింట్లోకే వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, నిద్రలేని కళ్లు. పదకొండింటికి విలేకరులను వరండాలో కూర్చోబెడుతున్నానని, తన పక్కన ఆమె కూడా ఉండి రెండు ముక్కలు చెప్పాలని అన్నాడు. ఆ రెండు ముక్కలూ లాయరు టైపు చేయించి పంపాడు. భూమి నా భర్తది కాదు, మా అన్న నాకు ఒడిబియ్యం పోసిన నాడు పసుపు కుంకుమల కింద ఇచ్చాడు, అంతే. రెండేళ్ల కిందట, 2010 జూన్‌లో రాయించిన దానపత్రంలోనూ అదే ఉందట.

ప్రేమలత కాగితం తీసుకుని చదివింది. దానపత్రం మీద సంతకం పెట్టింది గానీ అందులో ఏముందో చదవడం ఇదే మొదలు. ఒడిబియ్యం అన్న మాట దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. పుట్టింటివాళ్లు ఆడబిడ్డను పిలిచి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి పంపే శుభకార్యం అది. దాన్ని మరోసారి చదివి కాగితం మడిచింది. 

పదింటికి అన్న జంగయ్య కందుకూరు నుంచి వచ్చాడు. విలేకరుల కంటపడకుండా వెనక గేటులోంచి తీసుకొచ్చారు. వ్యవసాయం తప్ప మరొకటి తెలియని మనిషి. హరిప్రసాద్ డబ్బుతో ఆ భూమిని తన పేరున కొన్నట్టు రాయించి, మూడు నెలలకు చెల్లెలికి రాసిచ్చింది ఇతనే. బావ అడిగాడు, కాదనలేకపోయాడు. అప్పటికే వచ్చి కూర్చున్న లాయరు, ఎవరడిగినా చెప్పాల్సిన మాటలు వినిపిస్తుంటే జంగయ్య తల వంచుకుని విన్నాడు. ఒడిబియ్యం దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తాడు.

"గిట్ల ఎవరు రాసిన్రు?"

దానం ఇచ్చినందుకు ఏదో ఒక శుభకార్యం చూపాలి కదా, అడిగితే సారే చెప్పారని లాయరు అన్నాడు.

జంగయ్య లాయరు వంక చూడనే లేదు. "బావా, భూమి నేనే కొన్న అంట. పైసలు యాడియి అంటే, పత్తి అమ్మిన అంట. జైల్ల ఏసినా సరే, గదే మాట మీదుంట. గని ఆ ఏడాది నా చెల్లెకు ఒడిబియ్యం పోసిన అని మాత్రం అనను."

అంత పెద్ద అబద్ధానికి ఒప్పుకుని ఇంత చిన్నదానికి మొండికేస్తాడేమిటని హరిప్రసాద్‌కు చిర్రెత్తింది. పదవి పోతే తన ఒక్కడికే కాదు, ఈ ఇంటికే దిక్కుండదని గొంతు పెంచాడు. జంగయ్య మళ్లీ తల దించుకున్నాడు. ఇక లాభం లేదని హరిప్రసాద్ భార్య వైపు తిరిగాడు. "నువ్వొక్కదానివి చెప్పు లతా. నీ నోటి నుంచి వస్తే సాలు."

ప్రేమలత తాపీగా అడిగింది. "బాపు ఏ ఏడాది పోయిండు?"

"ఇప్పుడు గదెందుకు?"

"చెప్పు."

హరిప్రసాద్ ఆలోచించాడు. "తొమ్మిదిల... ఎలక్షన్లయినంక కదా..." లాయరు వంక చూశాడు. లాయరుకేం తెలుస్తుంది పాపం.

"పదిల. ఫిబ్రవరి పదకొండు, బేస్తవారం. సంవత్సరీకం పెట్టేదాక మా ఇంట్ల పసుపు ముట్టలే. ఒడిబియ్యం ఎట్ల పోస్తరు? నువ్వు వచ్చినవ్. దండ ఏసినవ్. ఫోటో దిగినవ్. నిప్పు పెట్టకముందే ఫోనొచ్చి పోయినవ్. నీ ఎంబడి వచ్చిన పెద్దమనుషులకు చాయలు పోసుకుంట నేను మా బాపును తీస్కపోతుంటే సూడలే."

గొంతు పెంచలేదు. ఉప్మాలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా చెప్పింది. 

మామ అనంతయ్య హరిప్రసాద్ మొదటి సర్పంచి ఎన్నికలో చెప్పులు అరిగేలా ఇల్లిల్లూ తిరిగినవాడు. గెలిచిన రోజు అల్లుణ్ణి కౌగిలించుకుని ఏడ్చినవాడు. అలాంటి మనిషి పోయి నాలుగు నెలలు తిరగకముందే, ఆ ఇంట్లో పండుగ జరిగినట్టు తనే చెప్పి రాయించాడు. కావాలని కాదు. గుర్తులేక. కావాలని చేసినా ఇంత సిగ్గుండేది కాదేమో.  కళ్లు తుడుచుకున్నాడు.

"నేను బయటికి పోయి, మా అన్న ఇయ్యలే అని చెప్త," అంది ప్రేమలత.

"నువ్వొద్దు. నేనే చెప్త."

వరండాలో హరిప్రసాద్ నిలబడే మాట్లాడాడు. భూమి తనే కొన్నానని, బావ జంగయ్య తన మాట కాదనలేక సంతకం పెట్టాడని, భార్య చదవకుండా పెట్టిందని, సాయంత్రం రాజీనామా ఇస్తున్నానని చెప్పాడు. విచారణలో ఏ శిక్ష పడినా అది తనదేనన్నాడు. లాయరు రెండుసార్లు దగ్గినా ఆగలేదు. జంగయ్య తలుపు దగ్గర నిలబడి విన్నాడు.

ఒక విలేకరి మైకు ప్రేమలత ముందుకు జరిపాడు. "మేడమ్, మీరేమైనా చెప్తారా?"

చెప్పడానికేమీ లేదనబోయింది. వచ్చిన మాట వేరు.

"మా బాపు పోయిండు."

ఇప్పుడే కబురు అందినట్టు అంది. ఆ వెంటనే ఏడుపు తన్నుకొచ్చింది. రెండేళ్లుగా ఎటు పోయిందో తెలియని ఏడుపు, అంతమంది ముందు, పైట అడ్డం పెట్టుకోవడం కూడా మరచి ఏడ్చింది. కెమెరాలు ముందుకు తోసుకొచ్చాయి. పదవి పోయిన బాధలో మంత్రి భార్య ఏదేదో మాట్లాడుతోందని విలేకరులు రాసుకున్నారు.

ఆమె ఎందుకు ఏడుస్తోందో అక్కడ ఇద్దరికే తెలుసు. ఒకరు అన్న. రెండోవాడు, ఇన్నాళ్లకు, మొగుడు.