ఆపరేషన్ సోడా గ్యాస్

"పన్నెండింటికి తూము తెరుస్తారు. ఆలోపు చెరువులో ఒక్క క్రేఫిష్ ఉండకూడదు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ తలూపాడు. విదేశీ ముఠా ఒకటి కాలవలోకి వదలడానికి చేపల ఫారం ముసుగులో క్రేఫిష్‌ను పెంచుతోంది. రొయ్యకు పీత కొండీలు తగిలించినట్టుండే ఆ పరాయి జీవి కాలవలో పడిందంటే గట్లు తొలిచి జల్లెడ చేస్తుంది. కింద పంటలన్నీ మునుగుతాయి. రెయిడ్ చేస్తే వాళ్లు అప్పుడే తూము ఎత్తేస్తారు. విషం కలుపుదామంటే ఆ నీళ్లు జనం తాగేవి.

మిగిలింది సోడాలో ఉండే గ్యాసే, కార్బన్ డయాక్సైడ్. తగుమోతాదులో కరిగిస్తే క్రేఫిష్ నీళ్లలో ఉండలేక వాటంతటవే ఒడ్డెక్కుతాయి. మోతాదు మించిందా, మత్తెక్కి అడుగున పడతాయి, నీటితోపాటు కాలవలోకి కొట్టుకుపోయి అక్కడ తేరుకుంటాయి.

"లోపల మనమ్మాయి ఉందిగా," అన్నాడు చీఫ్. ఆ డబుల్ ఏజెంట్‌ను ఇంకొకరు 'మనమ్మాయి' అన్నా డేగకు ఒళ్లు మండేది. ముఠా నాయకుడి సెక్రటరీగా ఆమె చేరి ఏడాదైంది.

మోటార్ల మెకానిక్ వేషంలో డేగ గేటు దాటాడు. కోడ్‌వర్డ్ చెప్పి ఆమె చెరువు చూపించింది. కూలీల వేషంలో మనవాళ్లు గట్టు మీద బుట్టలతో సిద్ధంగా ఉన్నారు. ఆక్సిజన్‌దిలా కనపడేలా రంగు పూసిన సోడా గ్యాస్ సిలిండర్‌ను అతను నీళ్లలోని పైపుకు బిగించాడు. గ్యాస్ మీటర్ చేతి గడియారంలోనే ఉంది, దాని రీడింగు ఎప్పటికప్పుడు చీఫ్‌కూ చేరుతుంది.

వరండాలో నాయకుడు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె తల వెనక్కి వాల్చి నవ్వింది. ఆ నవ్వు తన ఒక్కడిదేనని డేగ ఇన్నాళ్లూ మురిసిపోయాడు. కుళ్లుతో కళ్లు మూసుకుపోయాయి. చేతిలో వాల్వు పూర్తిగా తిరిగిపోయింది. ముల్లు ఎరుపులోకి వెళ్లింది, ఒడ్డువారన క్రేఫిష్ వెల్లకిలా పడ్డాయి.

ఆమె ఏదో వంకతో దిగివచ్చింది.

"వాల్వు తగ్గించు. మత్తులో పడిపోయాయి."

"వాడితో అంత నవ్వేంటి?"

"డ్యూటీ."

"మరి నాతో?"

"ముందు టైమ్ చూడు."

అతను వాల్వు కట్టేసి, నీళ్లలోని గ్యాస్ పోయేలా గాలి మోటారు వేసి, ముల్లు దిగాక గ్యాస్ మళ్లీ కొద్దికొద్దిగా వదిలాడు. ఒక కొండి గట్టు పట్టుకుంది. తర్వాత పది, తర్వాత లెక్కలేనన్ని. బుట్టలు నిండాయి. తూము చక్రం కిర్రుమంటుండగా చివరిదాన్ని డేగ బొటనవేలు కొరికించుకుంటూ బయటికి లాగాడు. కాలవలోకి ఉత్త నీళ్లే పారాయి. నాయకుడికి బేడీలు ఆమే వేసింది.

మీటర్ ఎరుపులోకి ఎందుకెళ్లిందని చీఫ్ ఫోన్‌లో నిలదీశాడు. ఉద్యోగం పోయే ప్రశ్న. ఆమె ఫోన్ అందుకుంది.

"వాల్వు బిగుసుకుపోయింది సర్. నేను దగ్గరే ఉన్నాను."

రెప్ప వాల్చలేదు, గొంతు వణకలేదు. చీఫ్ నమ్మేశాడు. డేగ ప్రాణం కుదుటపడింది. ఆనక, ఇంత తేలిగ్గా అబద్ధమాడే మనిషి తనతో ఎన్ని ఆడిందోనని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.