పదకొండూ నలభైకి పోటు

ముసలి ప్రొఫెసర్‌ని పట్టపగలు, పదిమంది కళ్లముందే చంపేశారు. చంపినట్టు ఒక్కరికీ తెలియలేదు.

అఖాతం ఒడ్డున, జెట్టీ చివర, ఆయన రోజూలాగే తాడు కట్టిన సీసాను నీళ్లలోకి దించుతున్నాడు. పక్కన గాలం వేస్తున్న మనిషి కర్రను వెనక్కి విసిరాడు. కొక్కెం ఆయన మెడ మీద గీసుకుంది.

"సారీ సర్, చూసుకోలేదు."

"పర్లేదులే నాయనా," అన్నాడు ప్రొఫెసర్. రెండు నిమిషాల్లో కుప్పకూలాడు. డాక్టరు గుండెపోటు అని రాశాడు. బాబాయి నమ్మలేదు. రక్తాన్ని మళ్లీ పరీక్ష చేయించాడు. విషం!

బాబాయి అంటే ఎవరికీ సొంత బాబాయి కాదు, డిపార్ట్‌మెంట్ చీఫ్. ఫోన్లు ఎవరైనా దొంగచాటుగా విన్నా ఇంటి కబుర్లలా ఉండాలని అక్కడ అందరికీ చుట్టరికాలే కోడ్ పేర్లు. ఆయన ముందు కూర్చున్న నలభై రెండేళ్ల ఏజెంటు పేరు మేనల్లుడు.

"ఆ సీసాలో ఏముంది బాబాయ్?"

"నీళ్లు. నీళ్లలో కంటికి ఆనని జీవులు. గాలిలో ఉన్న నైట్రోజన్‌ని పట్టి ఎరువుగా మార్చేవి కొన్ని. ఆ ఎరువు మీద పెరిగేవి కొన్ని, వాటిని తినేవి కొన్ని, చివరికి చేప. అదో పెద్ద ఉమ్మడి కుటుంబం అనుకో."

"మంచి కుటుంబమే కదా?"

"మామూలువైతే మంచివే. చుట్టూ ఎరువు సరిపడా ఉంటే పని ఆపేస్తాయి. ప్రొఫెసర్‌కి దొరికింది అలా ఆపనిది. ఎవరో ల్యాబ్‌లో తయారుచేసి, కాస్త వదిలి ట్రయల్ చూశారు. పెద్ద ఎత్తున వదిలితే అఖాతమంతా నాచు. అది కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ గల్లంతు. ఎనిమిది రోజుల్లో ఒక్క చేప మిగలదు."

"దానివల్ల ఎవడికి ఏం ఒరుగుతుంది?"

"చేప లేకపోతే పడవలవాళ్లు ఊళ్లు ఖాళీ చేస్తారు. అప్పుడో విదేశీ కంపెనీ దిగుతుంది. 'చచ్చిన నీళ్లకు ప్రాణం పోస్తాం, తీరం మాకు లీజుకివ్వండి' అంటుంది. తీరం చేతికొస్తే దాని వెనకున్న ముఠా సబ్‌మెరైన్లకు ఇల్లు దొరికినట్టే."

ఆయన రెండు వస్తువులు టేబుల్ మీద పెట్టాడు. పెన్ను ఆకారంలో నీలి కాంతి టార్చి, పసుపు అద్దాల కళ్లజోడు. "ఈ వెలుగులో, ఈ అద్దాల్లోంచి చూస్తే బతికున్న ఆ జీవులు నారింజ రంగులో మెరుస్తాయి. చస్తే మెరుపుండదు."

"లోపల మనవాళ్లెవరైనా ఉన్నారా?"

"వదిన ఉంది. ప్రొఫెసర్ దగ్గర పెరిగిన సైంటిస్టు. ముఠాలో చేరినట్టు నటిస్తోంది."

"నటిస్తోందా?"

"అది తేల్చాల్సింది నువ్వే. ఇంకోటి. గాలం వేసినవాడికి ఎడమ చెవి తమ్మె లేదట."

మర్నాడు వదిన పనిచేసే సముద్ర పరిశోధన సంస్థలో సీసాలు కడిగే మనిషి మారాడు. మేనల్లుడు మూడు రోజులు సింకు ముందు నిలబడ్డాడు. చేతులు పొట్టు లేచిపోయాయి. సింకు పైన పెద్దక్షరాలతో ఒక బోర్డు: 'జీవులను పెంచిన ఏ కల్చర్నైనా పారబోసే ముందు బ్లీచ్ కలిపి పది నిమిషాలు ఆగవలెను.' ఒకసారి తొందరపడి ఆరో నిమిషంలో పారబోయబోతే ల్యాబ్ అసిస్టెంటు అతని మీద ఒంటికాలి మీద లేచింది. "పది నిమిషాలంటే పదే! అవి మొండి ఘటాలయ్యా, సగం చచ్చి మళ్లీ లేస్తాయి!"

మూడో రోజు సాయంత్రం వదిన వచ్చింది. ఫార్మలిన్ వాసన కొట్టే ఆ కారిడార్‌లో పట్టు స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు, హైహీల్స్. అటెండర్ల దగ్గర్నుంచి డైరెక్టర్ దాకా తలలు తిప్పారు.

"అత్తయ్యకు ఒంట్లో ఎలా ఉంది?" అంది, మాసిన సీసాల ట్రే అందిస్తూ.

"నయమే. నడవలేకపోతోంది." సంకేతానికి సరైన జవాబే.

ఆమె గొంతు తగ్గించింది. "రేపే. రీసెర్చ్ షిప్‌లో రెండువేల లీటర్ల ట్యాంకు. అఖాతం ముఖద్వారం దగ్గర సాయంత్రం నాలుగుకి వదులుతారు. ముందే వచ్చారంటే అందరూ జారుకుంటారు."

మేనల్లుడు తలూపాడు. ఆమె సెంటు వాసన చాలాసేపు పోలేదు. అనుమానమూ పోలేదు.

మర్నాడు పదిన్నరకి అతను గేటు దగ్గర నల్లబల్ల ముందు ఆగాడు. సుద్దతో ఆనాటి ఆటుపోట్లు రాసి ఉన్నాయి. పోటు ఎనిమిదిన్నర నుంచి రెండున్నర. ఆ తర్వాత ఆటు.

పోటు నీళ్లను అఖాతంలోకి నెడుతుంది, ఆటు బయటికి లాగేస్తుంది. నాలుగింటికి వదిలితే సరుకంతా నడిసముద్రంలోకి పోతుంది. పోటులోనే వదలాలి. అంటే ఇప్పుడే!

రేవు వైపు చూశాడు. షిప్ తాళ్లు విప్పుతున్నారు.

ఫోన్ తీశాడు. "బాబాయ్, అత్తయ్యకు సీరియస్. వెంటనే బయల్దేరండి." ల్యాబ్‌లోంచి ఇరవై లీటర్ల బ్లీచ్ డబ్బాలు రెండు చేతుల్లోకి లాక్కుని పరిగెత్తాడు.

షిప్ మెట్ల దగ్గర ఉన్ని టోపీ పెట్టుకున్న కెప్టెన్ అడ్డొచ్చాడు. "ఎవరు నువ్వు?"

"సీసాలు కడిగేవాణ్ణండి. డాక్టర్ మేడమ్ తెమ్మన్నారు."

కెప్టెన్ టోపీ సర్దుకుని దారి వదిలాడు. ఎడమ చెవికి తమ్మె లేదు.

షిప్ కదిలింది. కింది ల్యాబ్‌లో స్టీలు ట్యాంకు. పక్కనే కంట్రోల్ ప్యానెల్ మీద ఎర్రటి అంకెలు: వాల్వు తెరిచే సమయం 11.40. ఆపాలంటే కోడ్ కావాలి. మూత బోల్టులు ఒక్కొక్కటే విప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. టార్చి వేశాడు. పసుపు అద్దాల్లోంచి లోపలంతా నారింజ మంట! రెండు డబ్బాలూ కుమ్మరించి మూత మళ్లీ పెట్టేశాడు.

గోడ గడియారం 11.32. పది నిమిషాలంటే 11.42. రెండు నిమిషాలు తక్కువ.

"చేతులెత్తు."

వెనక వదిన. చేతిలో బుల్లి పిస్తోలు.

"నాలుగన్నారు కదండీ మేడమ్," అన్నాడు చేతులెత్తి. ఖాళీ డబ్బాలను మెల్లగా కాలితో బల్ల కిందికి తోశాడు.

"తెలివైనవాడివే. ఇంకాస్త నెమ్మదిగా తెలివి వస్తే బాగుండేది."

"మీ ప్రొఫెసర్ ఎలా పోయారో తెలుసా మేడమ్?"

"గుండెపోటు."

"మీకు అలా చెప్పారా?"

పిస్తోలు కదల్లేదు. నల్లద్దాల పైన కనుబొమలు కదిలాయి. "ఆయన జోలికి పోమని మాటిచ్చారు. రిటైరయ్యేదాకా ఆయన్ని వేరే ఊరికి పంపిస్తామన్నారు. నా ల్యాబ్, నా పేపర్లు, నాకు వాళ్లిచ్చినవన్నీ ఆ ఒక్క షరతు మీదే ఒప్పుకున్నాను."

"గాలం కొక్కేనికి విషం. మెడ మీద గీసుకుంది. విసిరినవాడికి ఎడమ చెవి తమ్మె లేదు."

11.38. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అబద్ధం."

"పైకెళ్లి మీ కెప్టెన్ టోపీ తీయించండి." "నాకు మైక్రోస్కోపు పట్టుకోవడం కూడా రాదు మేడమ్. మీకు నేర్పింది ఆయనే కదా?"

11.39. ప్యానెల్ మీద సెకన్లు దిగుతున్నాయి. ఇరవై. పది. అయిదు.

ఆమె ఎడమచేయి ప్యానెల్ మీద నాలుగు అంకెలు నొక్కింది. కౌంటర్ ఒకటి దగ్గర ఆగిపోయింది.

"మొట్టమొదటి సీసా నా చేత్తోనే దింపించాడాయన," అంది. "తాడు వదిలేశాను. తిట్టలేదు. ఇంకో సీసా ఇచ్చాడు." నల్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది. మేనల్లుడు గడియారం వైపు చూశాడు.

తలుపు భళ్లున తెరుచుకుంది. కెప్టెన్. "ఎందుకాగింది?" ఆమె పిస్తోలు తిప్పేలోపే ఆమెను పక్కకు తోసి, వాల్వును చేత్తో తెరిచే చక్రం పట్టుకుని బలంగా తిప్పాడు. వాల్వు తెరుచుకుంది. బుడబుడమంటూ ట్యాంకులోని నీళ్లు సముద్రంలోకి దిగసాగాయి.

11.42.

మేనల్లుడు మూత పక్కకు జరిపి టార్చి వేశాడు. పాలిపోయిన నీళ్లు. ఎక్కడా మెరుపు లేదు. ఈతకొలను వాసన ముక్కుపుటాలు అదిరేలా కొట్టింది.

"ఏమిటీ కంపు?" అన్నాడు కెప్టెన్.

"శవాలండీ," అన్నాడు మేనల్లుడు.

కెప్టెన్ చేయి నడుము దగ్గరికి పోయింది. ఆలోపే వదిన పిస్తోలు అతని మెడకు ఆనింది. పైన డెక్ మీద కోస్ట్ గార్డ్ బూట్ల చప్పుడు మొదలైంది.

వదిన తన పిస్తోలు తనే అప్పగించి, ముఠాలో అందరి పేర్లూ ఒక్క బిగిన రాసిచ్చింది. శిక్ష తగ్గించమని మాత్రం అడగలేదు.

వారం తర్వాత మేనల్లుడు డిపార్ట్‌మెంట్ రిపోర్టు ఫారం నింపి బాబాయి ముందు పెట్టాడు. బాబాయి కళ్లజోడు సర్దుకుని ఒక గడి దగ్గర ఆగిపోయాడు. 'ఆపరేషన్‌లో హతమైన శత్రువుల సంఖ్య: రెండు కోట్ల కోట్లు.'

"ఇదేంట్రా, 'కోట్లు' రెండుసార్లు పడిందా?"

"లేదు బాబాయ్. పిల్లల్ని వదిలేసి లెక్కేశాను."