పొయ్యి వెలిగించకుండా

ఊరంతా సెలవు. అయినా ఆ ఇంట్లో మాత్రం రోజూలాగే సూదిపోటుతో తెల్లారింది.

"వేలు," అంది కూతురు.

పెద్దాయన వేలు చాపాడు. ఆస్పత్రి ల్యాబులో పొద్దస్తమానం జనం రక్తం తీసే మనిషి, ఇంట్లో తొలి చుక్క తండ్రి దగ్గరే తీస్తుంది. గుచ్చింది, చుక్క పట్టింది, అంకె చూసింది, గోడమీది క్యాలెండరులో రాసింది.

"నూట ముప్పై. ఫరవాలేదు. ఇవాళ బయటికి కదలకు నాన్నా, రోడ్లనిండా జనం ఉంటారు."

"పదకొండు గంటల బస్సుకి వెళ్ళాలి నేను."

"ఎక్కడికి?"

"స్నానం చేసొచ్చి చెబుతా."

"ఇప్పుడే చెబితే నోరు నొప్పా?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూంలోకి వెళ్ళిపోయాడు. నొప్పి నోట్లో కాదు, గుండెల్లో. రాత్రంతా కూడబలుక్కున్న మాట గొంతులోనే తచ్చాడుతోంది. ఇస్త్రీ చొక్కా వేసుకుంటేగాని అది బయటికి రాదని ఆయన నమ్మకం.

అరవై మూడేళ్ళ మనిషి. ముప్పై నాలుగేళ్ళు లేత్ మెషిను ముందు నిలబడి ఇనుముని వెన్నలా చెక్కాడు. "ఇంకొక్క పిసరు తియ్యాలిరా" అనేది ఆయన ఊతపదం. అందుకే వర్క్‌షాపులో అందరూ పిసరు మేస్త్రి అనేవాళ్ళు. భార్య పోయిన మూడో నెలలో స్టవ్ మీద పాలు పెట్టి కుర్చీలో కునుకు తీశాడు. పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు ఇల్లంతా కమ్మేసింది. పక్కింటివాళ్ళు కిటికీ అద్దం పగలగొట్టబట్టి బతికాడు. ఆ సాయంత్రమే కూతురు వచ్చి, ఒక పెట్టెతో తన ఇంటికి తెచ్చుకుంది.

మంచిదే. కానీ ఆ రోజునుంచి ఇంట్లో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. కూతురు డ్యూటీకి వెళ్ళేటప్పుడు స్టవ్‌కున్న రెండు నాబులూ ఊడబీకి హ్యాండ్‌బ్యాగులో వేసుకుపోతుంది. ఇంట్లో ఉన్న రోజైనా, తను వంట చేస్తున్నంతసేపే బయటికి తీస్తుంది. గుక్కెడు కాఫీ నీళ్ళు కావాలంటే, కన్న కూతురు డ్యూటీ దిగి రావాలి. దీనికి అందరూ పెట్టిన పేరు ప్రేమ. ప్రేమే. కాదని ఎవరన్నారు? జైల్లోనూ వేళకి తిండి పెడతారు, డాక్టరు వచ్చి చూస్తాడు.

ఇలా ఉండగా, ఆరు నెలల కిందట పక్కవీధి బైండింగ్ షాపు ఆవిడకి ఒక చిక్కొచ్చింది. పుస్తకాలు బిగించే ప్రెస్సు స్క్రూ మరలు అరిగిపోయాయి. పాతది బాగుపడదు, కొత్త ప్రెస్సే కొనుక్కోమన్నారు అందరూ. పెద్దాయన ఆ స్క్రూ పట్టుకుని తన పాత వర్క్‌షాపుకి వెళ్ళి, ఒకరోజు లేత్ అడిగి తీసుకుని, కొత్తది చేసి తెచ్చాడు. ఆవిడ బిగించి చూసింది. అటూ ఇటూ కదిపి చూసింది. ఎంతో గొప్పగా ఉందనలేదు, చేతులెత్తి దండం పెట్టలేదు.

"మేస్త్రిగారూ, ఒక్క పిసరు కూడా వదులు లేదు," అంది.

అంతే. ఆ ఒక్క ముక్కకి మనిషి పడిపోయాడు. పనివాడికి పని తెలిసిన మెప్పుని మించిన మత్తు లేదు. ఆ మర్నాటినుంచి మధ్యాహ్నాలు ఆ షాపులోనే. ఆవిడ కుడుతుంది, ఈయన జిగురు రాస్తాడు. యాభై ఏడేళ్ళావిడ, పెళ్ళి చేసుకోలేదు, షాపు పైన రెండు గదుల్లో ఉంటుంది. ఏడాది మొత్తంలో షాపు మూసేది ఈ ఒక్క సెలవునాడే. ఇద్దరూ పదకొండు గంటల బస్సెక్కి చెరువు దాకా వెళ్దామనుకున్నారు. అక్కడ ఆయన అడగదలచుకున్నది ఒకటే: "నేను మీతో ఉండిపోనా?"

అలాంటి మాట అడగబోయేవాడు వట్టి చేతులతో వెళ్ళకూడదు. కొన్నది ఇవ్వడం ఆయనకి నచ్చదు. చేసి ఇవ్వాలి. చేద్దామంటే పొయ్యి లేదు. నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు బిస్కెట్లు కవరులో వేసి గాజు సీసాతో మెత్తగా దంచాడు. బాత్రూం గీజరులోంచి వేణ్ణీళ్ళు పట్టి, అందులో గిన్నె నిలబెట్టి చాక్లెట్ కరిగించాడు. వెన్న కిటికీ ఎండలో పెట్టాడు. తియ్యటి డబ్బాపాలు, సన్నగా తరిగిన బాదంపప్పు కలిపి ఉండలు చుట్టాడు. ఒక్కొక్కటీ ముప్పై మిల్లీమీటర్లు, స్కేలు పెట్టి చూసుకున్నాడు. రెండు పెద్దవైతే పిసరంత గిల్లాడు. ఇరవై ఉండలు. వాటికి గళ్ళు గళ్ళుగా అట్టపెట్టె కూడా తనే చేశాడు. మూత లోపల మూడు వాక్యాలు రాశాడు:

"మీ కోసం. పొయ్యి వెలిగించకుండా చేశాను. రుచి తగ్గితే మన్నించండి."

పెట్టెని ఫ్రిజ్‌లో అన్నిటికన్నా కింది అరలో, కూరగాయల సంచి వెనక దాచాడు. దాచడం చేతకాని మనిషి. దాచడం వచ్చినవాడైతే మూత మీద చీటీ అంటించి, మందులు అని రాసేవాడు.

ఇప్పుడు బాత్రూంలో, చెంపలనిండా గడ్డం సబ్బు పూసుకుని బ్లేడు ఎత్తాడో లేదో, ఫ్రిజ్ తలుపు చప్పుడైంది. సంచి లాగిన చప్పుడైంది. తరవాత కేక.

"ఏమండీ! ఇలా రండి! నాన్న ఏం చేశాడో చూడండి!"

బ్లేడు గాల్లోనే ఆగిపోయింది.

"అబ్బో, చాక్లెట్లే! ఎవరివి?" అల్లుడి గొంతు.

"ఇదుగో, మూత చదవండి. మీ కోసం అని రాశాడు. మనిద్దరి కోసం!"

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. మీ! ఒక్క అక్షరం కొంప ముంచింది. ఇద్దరిని కలిపి పిలిచినా మీరే, ఒక్కరిని మర్యాదగా పిలిచినా మీరే. స్కేలు పెట్టి ఉండలు కొలిచిన మేస్త్రి, మాట కొలవడం మరిచిపోయాడు.

"మన్నించండి అని కూడా రాశారే మావయ్య! నాకింత మర్యాద పెళ్ళిలో కూడా జరగలేదు," అన్నాడు అల్లుడు, అప్పటికే ఒకటి నోట్లో వేసుకుని. "అబ్బ! ఏముందే బాబూ!"

"స్టవ్ కూడా లేకుండా చేశాడండీ..." అంది కూతురు. "అమ్మ పోయాక నాకోసం ఎవరూ ఏమీ చెయ్యలేదు. నాన్న చేశాడు. మా నాన్న!"

సబ్బు కారి మెడ మీదికి వచ్చింది. ఆయన కదల్లేదు. నోరు మూసుకుంటే చాలు. అంతే పని. బయటికి వెళ్ళి నవ్వుతూ, తినండమ్మా అంటే ఈ సెలవు హాయిగా గడిచిపోతుంది. కూతురు సంతోషపడుతుంది. బస్టాపులో ఒక మనిషి మాత్రం చేతిగడియారం చూసుకుంటూ నిలబడుతుంది. ఆ తరవాత ఆయన జన్మలో నోరు విప్పలేడు. ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇలాగే చస్తారు, చావకముందే. ఒక్కో మాటా మింగుతూ.

మొహం కడుక్కుని, సగం గడ్డంతోనే బయటికి వచ్చాడు.

కూతురు కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతోంది. రెండోది కొరుకుతోంది. "నాన్నా! ఇంత పని చేసి చెప్పకుండా..."

"అమ్మా, అవి మీవి కావు."

"అంటే?"

"ఆ 'మీ' ఇద్దరు కాదు. ఒక్కరే."



"ఎవరు?"

"బైండింగ్ షాపు ఆవిడ."

అల్లుడి నోట్లో రెండోది ఉంది. మింగలేక కక్కలేక అంటే ఏమిటో ఆ నిమిషంలో అతని మొహం చూస్తే తెలుస్తుంది. మెల్లగా పేపరు అందుకుని దాని వెనక్కి వెళ్ళిపోయాడు.

"ఎన్నాళ్ళుగా?" అంది కూతురు. నవ్వు ఇంకా పెదాల మీదే ఉంది, చెరపడం మరిచిపోయినట్టు.

"ఆరు నెలలు."

"ఆరు నెలలుగా నాకు అబద్ధం చెబుతున్నావా?"

"నువ్వడిగితే గదా అబద్ధం చెప్పడానికి! షుగరెంత అన్నావు. మందేసుకున్నావా అన్నావు. ఎలా ఉన్నావు నాన్నా అని ఒక్కనాడైనా అడిగావా?"

"రోజూ పొద్దున్నే అడుగుతున్నానే!"

"నా రక్తాన్ని అడుగుతున్నావు. నన్ను కాదు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆమె మొహం ఎర్రబడింది. గబగబా వెళ్ళి కుర్చీకి తగిలించిన హ్యాండ్‌బ్యాగు తెచ్చి బల్ల మీద బోర్లించింది. దువ్వెన, మాత్రలు, బస్సు టికెట్లు, వాటి మధ్య రెండు నల్లటి నాబులు దొర్లాయి.

"ఇవి ఇక్కడే ఉన్నాయి. మరి చాక్లెట్ ఎలా కరిగింది? స్టవ్ వెలిగించావు కదూ? నాకు మాటిచ్చి, నేను లేనప్పుడు..."

"గీజరు నీళ్ళతో కరిగించా."

"ఎలా నమ్మను?"

పెద్దాయన ఇంతవరకూ గొంతు పెంచలేదు. ఇప్పుడు పెంచాడు.

"ఓసి పిచ్చిదానా! నాబ్ లేకపోతే స్టవ్ వెలగదనుకున్నావా? నేను ముప్పై నాలుగేళ్ళు లేత్ మీద బతికినవాణ్ణి! నాబ్ కింద ఉండే పుల్లని పట్టకారుతో తిప్పితే చాలు, వెలుగుతుంది. పట్టకారు నా మంచం కిందే ఉంది, రెండేళ్ళుగా. ఒక్కసారి తిప్పలేదు. కాఫీకి ప్రాణం లాగేసినా తిప్పలేదు. ఎందుకో తెలుసా? నీ నాబులు ఆపి కాదు. నేను నీకు మాటిచ్చాను గనక!"

ఆమె నాబులకేసి చూసింది. రెండేళ్ళపాటు ఇంటినుంచి ఆస్పత్రికీ, ఆస్పత్రినుంచి ఇంటికీ మోసిన రెండు ప్లాస్టిక్ ముక్కలు.

"నీకేం తెలుసు నాన్నా," అంది నెమ్మదిగా. ఈసారి గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ కోసింది. "డ్యూటీ దిగి వచ్చాక నేను తలుపు తాళం వెంటనే తియ్యను. ముందు తలుపు సందులో ముక్కు పెట్టి వాసన చూస్తాను. రోజూ. మెట్ల మీద జనం వెళ్తుంటే, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి మరీ చూస్తాను. వాసన రాకపోతేనే ఊపిరి పీలుస్తాను."

ఆయన నాబులు రెండూ ఏరి పక్కపక్కన పెట్టాడు.

"ఇంకోటి అడుగుతా, చెప్పు," అంది ఆమె కళ్ళు తుడుచుకోకుండానే. "అమ్మకి ఎప్పుడైనా చేశావా? ఇలా కొలిచి, ఇలా పెట్టెలో పెట్టి? జ్వరంతో పడుకున్నప్పుడైనా ఒక గ్లాసుడు పాలు కాచి ఇచ్చావా?"



పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సాకులు ఎన్నో ఉన్నాయి. డ్యూటీలున్నాయి, ఓవర్‌టైములున్నాయి, ఆ రోజుల్లో మగవాళ్ళెవరూ వంటింట్లోకి రాలేదన్న పాత చెత్త ఉంది. ఆయన ఏదీ ముట్టుకోలేదు.

"చెయ్యలేదు," అన్నాడు. "ఒక్కసారి కూడా చెయ్యలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ కంచం ముందు కూర్చోవడమే నాకు తెలిసిన వంట. నిన్న ఉండలు చుడుతుంటే చేతులు నొప్పి పుట్టాయి. అప్పుడు అనిపించింది, ఈ చేతులకి ఇది కూడా వచ్చునే, మరి అన్నేళ్ళు ఏం రోగం వచ్చిందని. ఏడ్చానమ్మా. పిండిలో పడకుండా పక్కకి తిరిగి ఏడ్చాను." చేతులకేసి చూసుకున్నాడు. "మీ అమ్మకి చెయ్యలేదు గనక ఇంకెవరికీ చెయ్యకూడదంటే, నేను వెధవగానే చచ్చిపోవాలి. అది నాకిష్టం లేదు."

బల్ల మీది నీళ్ళగ్లాసు ఆమె చేతికి తగిలి కదిలింది. ఆమె దాన్ని పట్టుకుని అలాగే నిలబడింది.

"అయితే నువ్వు కూడా పోతున్నావా?"

అప్పటికి ఆయనకి అర్థమైంది. చాక్లెట్ల మీద కాదు ఏడుపు, బైండింగ్ షాపు ఆవిడ మీద కాదు. తల్లి పోయింది, ఇప్పుడు తండ్రి. ముప్పై ఐదేళ్ళ మనిషి, వందమందికి సూదులు గుచ్చే మనిషి, జాతరలో చెయ్యి వదిలేసిన పిల్లలా చూస్తోంది.

లేచి దగ్గరికి వెళ్ళాడు. ఆయన దగ్గర సబ్బు వాసన, ఆమె దగ్గర చాక్లెట్ వాసన.

"పోవడం లేదే. వెళ్తున్నాను. పోవడం వేరు, వెళ్ళడం వేరు. మీ అమ్మ పోయింది, పోయినవాళ్ళు రారు. నేను పక్కవీధికి వెళ్తానంటున్నా. వెళ్ళినవాళ్ళు వస్తారు. రమ్మంటే వస్తారు, రావద్దన్నా వస్తారు, నేనైతే కాఫీ అడగడానికైనా వస్తాను."

ఆమె ఆయన భుజానికి నుదురు ఆనించింది. ఆ ఏడుపుకి చప్పుడు లేదు. ఆయన చేతికి వీపు ఎలా నిమరాలో తెలియక ఒక పక్క తట్టింది, తరవాత నేర్చుకుంది.

గోడ గడియారం పదిన్నర దాటింది. అల్లుడు పేపరు కిందికి దించి గొంతు సవరించుకున్నాడు. "మావయ్యా, బస్సు... ఆవిడ నిలబడి ఉంటారేమో. అదీ, సగం గడ్డంతో వెళ్తారా?"

ఆయన మిగతా సగం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చేసరికి కూతురు బల్ల ముందు కూర్చుని పెట్టెలోకి చూస్తోంది. నాలుగు గళ్ళు ఖాళీ.

"నాలుగు తగ్గాయని ఆవిడకేం చెబుతావు?"

"మా అమ్మాయీ అల్లుడూ తిన్నారని చెబుతా. మా అమ్మాయికి నచ్చాయని చెబుతా."

"నచ్చాయని నేనన్నానా?"

"రెండోది ఎవరైనా ఊరికే కొరుకుతారా?"

ఏడుపు మధ్యలో నవ్వు వచ్చేసరికి ఆమెకి పొలమారింది. పెట్టె మూత పెట్టింది. గుడ్డ పెట్టి అంచులు తుడిచింది. ఆయన చేతికి ఇచ్చేముందు ఒక క్షణం ఆపింది. అడిగిన ప్రశ్న మాత్రం రెండేళ్ళలో ఎన్నడూ అడగనిది.

"నాన్నా, ఎలా ఉన్నావు?"

పెద్దాయన ఆలోచించాడు. నిజం చెప్పాలనుకున్నాడు, కొలిచి మరీ.

"భయంగా ఉందమ్మా. ఆవిడ వద్దంటే?"

"అంటే అంటుంది." కూతురు ఆయన చొక్కా కాలరు సరిచేసింది. "వద్దంటే ఇంటికి రా. సరేనంటే, ఆవిణ్ణి వెంటబెట్టుకుని రా."